తీగకంచెయు గొఱ్ఱెల పెంపకమును
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ మహాసభలో కులప్రాశస్త్యమును గూర్చి ప్రసంగింపుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ముప్పదిరెండు సంవత్సరములు పిల్లలకు తెలుగును, కొంత సంస్కృతమును బోధించి 2016వ సంవత్సరమున విశ్రాంతి గైకొన్న భాషాపండితులము గనుక, పురాణములనుండి నాలుగు శ్లోకములు చదివి సభను సంతోషపెట్టుదుమని వారు తలచియుందురు. కాని మేము వేఱొక విషయమును ఎన్నుకొంటిమి. మా విషయము తీగకంచె. ఈ మాట వినగనే ముందు వరుసలోని పెద్దలు కొందఱు చిఱునవ్వు నవ్వుట మాకు కానవచ్చుచున్నది. నవ్వదగినదే. గొఱ్ఱెల వెంట నడచిన తాతలకు మనుమలమై పుట్టియు, సుద్దముక్క తప్ప గడ్డపార పట్టి యెఱుగని మేము కంచెను గూర్చి చెప్పవచ్చుట వింతయే. అయినను ఉద్యోగవిరమణానంతరము మేము నాలుగెకరముల చెలకలో కంచె కట్టి, ఇరువది గొఱ్ఱెలను పెంచి, కొంత నేర్చితిమి. ఆ నేర్చినదానిలో ఎక్కువ భాగము మా తప్పులవలననే నేర్చితిమి. అందొక తప్పు మన కులమునకంతటికిని సంబంధించినది. దానిని ఈ సభలో చెప్పుకొనుట మా విధియని తలచి నిలుచుంటిమి.

మన పెద్దల కాలమున గొఱ్ఱెలకు కంచె యక్కఱ లేకుండెను. కాపరియే కంచె. పగలు బీళ్లలోను, గుట్టలమీదను, కోతలైన చేలలోను మేపుట. రాత్రి రైతు పొలమున మంద పెట్టుట. అందులకు రైతు ధాన్యమో రొక్కమో యిచ్చుట. వేసవిలో పచ్చికయు నీరును కలచోటికి నెలల తరబడి వలసపోవుట. ఇదియే మన జీవనము. తుమ్మకంపయో రేగుకంపయో చుట్టు పెట్టిన దొడ్డియే మన కోట. గొంగడియే మన గొడుగును, పఱుపును.

ఇప్పుడు కాలము మాఱినది. ఊరుమ్మడి బంచరాయి భూములు తఱిగిపోయినవి. బోరుబావులు వచ్చినపిదప ఒక పైరు కోసిన నేలలోనే మఱియొక పైరు వేయుచున్నారు. మంద పెట్టుటకు ఖాళీచేను దొరకుట కష్టమైనది. పురుగుమందు కొట్టిన ప్రత్తిచేనిలోనికి జీవములను తోలుటకు భయపడవలసియున్నది. పిల్లలు బడులకు, పట్టణములకు పోయిరి; అది మంచిదే, మేమును పంతులుద్యోగమున నదియే బోధించితిమి. ఇంట మిగిలినది వృద్ధదంపతులు, మూడు నాలుగెకరముల చెలక. వీథికుక్కలు గుంపులై రాత్రివేళ దొడ్డిలో చొరబడి ఒక్కమాటుగా పదింటిని కొఱికి చంపుచున్నవి. అడవిపందులు మేతపైరును త్రవ్విపోయుచున్నవి. 2017వ సంవత్సరము జూన్ 20వ తేదీన సిద్దిపేట జిల్లా కొండపాకలో ప్రారంభింపబడిన గొఱ్ఱెల పంపిణీ పథకము మీకందఱకును జ్ఞాపకమే. 20 గొఱ్ఱెలు, 1 పొట్టేలు. నాటి వెల 1,25,000 రూపాయలు. అందు నూటికి 75 పాళ్లు ప్రభుత్వము, తక్కిన 31,250 రూపాయలు పుచ్చుకొనువాడు. ఇతర రాష్ట్రములనుండి లారీలలో జీవములు వచ్చినవి. మేతభూమి మాత్రము వాటివెంట రాలేదు. కావున ఉన్న కొద్ది నేలలోనే కంచె కట్టి పెంచుకొనవలయునను ఆలోచన మనవారిలో పుట్టుట సహజము.

కంచె యనునది క్రొత్తమాట కాదు. సంస్కృతమున దీనిని వృతి యందురు. మనుస్మృతిలో చాల విషయములతో మనకు పొత్తు కుదరదు. మనవంటివారి చెమటను ఆ గ్రంథము గౌరవించినది తక్కువ. అయినను ఎనిమిదవ అధ్యాయమున పశుపాలకులను గూర్చిన భాగము చదువదగినది. గ్రామము చుట్టును నూఱు ధనువుల మేర, అనగా నన్నూఱు మూరల మేర, పశువులకై నేల విడువవలెనని యచట చెప్పబడినది. అట్టి నేలలో కంచెలేక పైరు పెట్టినవాని పైరును పశువులు తిన్నచో కాపరిని దండింపరాదట. పైరు పెట్టువాడు ఒంటె తొంగిచూడలేనంత యెత్తుగా కంచె కట్టి, కుక్కయు పందియు మూతి దూర్చు కంతలన్నిటిని పూడ్చుకొనవలెనట. ఈ మాటలు చదివినప్పుడు కంచె కట్టి చూచినవాడే వ్రాసెనని మాకు తోచినది. కుక్కయు పందియు క్రిందనుండి వచ్చునుగాని పైనుండి రావు. ఇచ్చట మఱియొక సంగతి గమనింపుడు. కంచె కట్టుకొనుమన్న చోటనే మేతకు నేల విడువుమనియు చెప్పబడినది. ఈ రెండవమాటను మేము పలుమాఱులు చదివియు, మా చెలక దగ్గఱకు వచ్చునప్పటికి మఱచితిమి. ఆ కథ పిదప చెప్పుదుము.

మొదట కంచె లెక్క. పంతులము గనుక ఈ లెక్కను విడువలేము. ఎకరమనగా 43,560 చదరపు అడుగులు. చదరముగానున్న యెకరమునకు చుట్టుకొలత సుమారు 835 అడుగులు. నాలుగెకరములు చదరముగానున్నచో చుట్టుకొలత సుమారు 1,670 అడుగులు. నేల నాలుగింతలైనను కంచె రెండింతలే. ఇప్పుడా నాలుగెకరములను నలుగురన్నదమ్ములు నిలువుగా పంచుకొని, ఎవరి పట్టీకి వారు నాలుగు ప్రక్కల కంచె కట్టుకొందురనుకొనుడు. ఒక్కొక్కరి చుట్టుకొలత సుమారు 1,043 అడుగులు; నలుగురిదియు కలిసి సుమారు 4,170 అడుగులు. పది యడుగులకొక కడీ చొప్పున కలిసియున్నచో 167 కడీలు, విడిపోయినచో 417 కడీలు. తీగయు ఆ ప్రకారమే రెండున్నర రెట్లు. అన్నదమ్ములు మాటలాడుకొనకపోవుటకు ఇంత వెల. నేల పంచుకొనినను కంచె పంచుకొనవలదని మా మనవి.

ఇక కట్టుపని. మన ప్రాంతమున రాతికడీలు సులభముగా దొరకును, చెదలు పట్టవు. ఏడడుగుల కడీని రెండడుగులు నేలలో పాతి, చుట్టును రాళ్లు దిమ్మెస కొట్టవలెను. ముందుగా నాలుగు మూలలను నిలిపి, దారము పట్టి, ఆ దారము వెంట తక్కిన కడీలు పాతవలెను. కంచె బలమంతయు మూలకడీలోనున్నది. తీగను బిగించినకొలది మూల లోపలికి వాలును. అందుచేత మూలకడీని మూడడుగులు పాతి, రెండు వైపుల ఏటవాలుగా ఊతరాళ్లు నిలుపవలెను. మేము కూలీ మిగిలినదని ఊతలు పెట్టకపోతిమి; మొదటి వానకే ఈశాన్యమూల వంగి, నూఱడుగుల మేర తీగ ఊయెలవలె వ్రేలాడినది.

రెండవ తప్పు ముళ్లతీగ. చౌకయని అయిదు వరుసల ముళ్లతీగను లాగితిమి. అమరకోశమున గొఱ్ఱెకు ఊర్ణాయువను పేరున్నదని, ఉన్ని కలదని దాని యర్థమని, మేము ఎన్ని సంవత్సరములు పిల్లలకు చెప్పితిమో లెక్కలేదు. అయినను ఉన్ని ముళ్లకు తగులుకొనునను బుద్ధి పుట్టలేదు. మావి దక్కనీ నల్లగొఱ్ఱెలు. ఆవలి పచ్చిక కొఱకు తల దూర్చి, ఉన్ని చిక్కి, గింజుకొని చర్మము చీల్చుకొన్నవి. వానకాలమున ఆ గాయములకు ఈగలు ముసరి పురుగు పడినది. పిల్లలు క్రింది వరుస దూరి బయటికి పోయినవి. ఆపైన కుక్కలు లోనికి వచ్చినవి. అప్పుడు గాని తెలియలేదు. ముళ్లతీగ పశువును వెలుపల నిలుపుటకే గాని గొఱ్ఱెను లోపల నిలుపుటకు పనికిరాదు. గొఱ్ఱెకు నాలుగడుగుల యెత్తుగల ఇనుపజాలి కావలెను. జాలికన్నులు పిల్ల తల దూఱనంత చిన్నవిగా నుండవలెను. ముఖ్యముగా క్రింది రెండడుగులలో. జాలి యడుగుభాగమును జానెడు నేలలో కప్పి, పైని బండరాళ్లు పఱచిన కుక్క త్రవ్వలేదు. జాలిమీద ఒకటి రెండు వరుసలు ముళ్లతీగ చాలును. కంచె వెంట లోపలివైపు అవిసెయు, సుబాబులును నాటిన నీడయు మేతయు దొరకును. సుబాబులాకు మాత్రము మొత్తము మేతలో మూడవవంతునకు మించరాదు. మించిన వెండ్రుక లూడును.

మఱియొక మాట చేతులు జోడించి చెప్పుచున్నాము. పందుల బాధ కోర్వలేక కొందఱు కంచెతీగకు ఇంటి కరెంటు తగిలించుచున్నారు. అది చట్టవిరుద్ధము, అంతకుమించి అది హత్య. వేకువనే గొఱ్ఱెల తోలుకొని వచ్చు కాపరి ఆ తీగను చూడడు. మన కులమువాడే పోవును. ఏ పైరును మనిషి ప్రాణమంత వెల చేయదు.

ఇక లోపలి సంగతి. నాలుగెకరములలో ఇరువది గొఱ్ఱెలకు మించి పెంచదలచుట అత్యాశ. ముప్పది కిలోల బరువున్న గొఱ్ఱె దినమునకు మూడు కిలోలకు తక్కువ కాకుండ పచ్చిమేత తినును. చూడిదియు, పాలిచ్చునదియు ఇంకను తినును. మేము ఒక యెకరమున బోరునీటితో మేతగడ్డియు దశరథగడ్డియు వేసితిమి. తక్కిన మూడెకరములను లోపల తీగతో నాలుగు మళ్లుగా విభజించి, ఒక్కొక్క మడిలో అయిదు దినములు మేపి, మఱల ఆ మడికి వచ్చుటకు మూడు నాలుగు వారములు గడువిచ్చితిమి. ఆ విరామమున గొఱ్ఱెలను దొడ్డిలోనుంచి, కోసిన గడ్డియు వేరుసెనగకట్టెయు పెట్టితిమి. దీనికి కారణమున్నది. పేడతో పడిన పొట్టపురుగుల గ్రుడ్లు తడినేలమీద సుమారు వారములో పిల్లలై గడ్డిపోచల నెక్కును. అంతకు ముందే మందను కదలించినచో ఆ పురుగు గొఱ్ఱె కడుపున చేరుట తగ్గును. మన తాతలు ఒకచోట నిలువక నడచుటలో ఈ రహస్యమే యున్నది. నడచు మందకు సహజముగా జరుగునది నిలిచిన మందకు లెక్కపెట్టి జరుపవలసియున్నది.

కొట్టము తూర్పుపడమరలుగా పొడవుండవలెను. ఒక్కొక్క గొఱ్ఱెకు కప్పుక్రింద పది చదరపు అడుగులు, ఆరుబయట ఇరువది చదరపు అడుగులు చాలును. నేల పొడిగా నుండవలెను. తడినేలలో గిట్టలు కుళ్లును. నీటితొట్టికి నెలకు రెండుమాఱులు సున్నము వేయవలెను. చెఱువుటంచున నత్తలుండు చోట గడ్డి తిన్న జీవమునకు కార్జపు జలగ పట్టును గనుక తొట్టినీరే మేలు. గొఱ్ఱె చూడి అయిదు నెలలు. పోషణ చక్కగా నున్నచో రెండు సంవత్సరములలో మూడు ఈతలు పొందవచ్చును. వర్షములకు ముందును, వెనుకను పొట్టపురుగుల మందు పోయవలెను. పారుడురోగమునకును, చిటుకరోగమునకును, బొబ్బరోగమునకును పశువైద్యుని యడిగి కాలము తప్పక టీకా వేయింపవలెను. విత్తనపు పొట్టేలు ఇరువది యిరువదియైదు గొఱ్ఱెలకొకటి చాలును. కాని రెండు సంవత్సరములకు మించి దానినే యుంచినచో తన కూతుళ్లనే కట్టును, సంతతి క్షీణించును. ఈ కడపటి మాటను జ్ఞాపకముంచుకొనుడు.

ఇప్పుడు మా తప్పు చెప్పుదుము.

మా చెలకకు పడమటి యంచున ఊరినుండి చెఱువునకు పోవు డొంక యొకటి యుండెను. నక్షాలో దాని జాడ లేదు. నేల మా పట్టాలోనిదే. హద్దురాయి డొంకకు ఆవల నున్నది. మా తాతగారు ఆ తోవనే మందను తోలిరి. వారి తరువాత మా పెదతండ్రిగారు. వారి తరువాత వారి కుమారులు, మాకు అన్నగారు. ఊరిలో ఇంకను మందను నమ్ముకొని బ్రదుకువారిలో వారొకరు. డెబ్బది జీవములు. 2018వ సంవత్సరము వేసవిలో మేము కంచె వేయించునప్పుడు హద్దురాయినుండి హద్దురాయికి దారము పట్టించితిమి. డొంక కంచెలో పడినది. పని ముగిసిన నాటి సాయంకాలము అన్నగారు వచ్చి, కడీనొకదానిని చేతితో తట్టి చూచి, "తమ్మీ, కంచె మంచిగనే ఏసినవ్. మరి మందెటు పోవాలె?" అని యడిగిరి. మేము, "నక్షాలో తోవ లేదన్నా" అంటిమి. చదువుకొన్నవాని సమాధానము. వారు మఱి మాటలాడలేదు. కఱ్ఱ భుజముమీద వేసికొని వెడలిపోయిరి.

ఆ మఱునాటినుండి వారి మంద చుట్టు తిరిగి తారురోడ్డువెంట చెఱువునకు పోవజొచ్చెను. ఆ సంవత్సరము కార్తికమాసమున మంచు దట్టముగా పట్టిన యుదయమున ఒక లారీ మందలోనికి వచ్చినది. ఏడు గొఱ్ఱెలు చచ్చినవి, నాలుగు చూడివి. కబురు విని మేము పోయితిమి. రోడ్డుప్రక్కను అన్నగారు గొంగడి పఱచి, చచ్చిన జీవములను వరుసగా పెట్టి కూర్చుండిరి. మమ్ము నిందింపలేదు. నిందించియుండిన మాకు కొంత సుఖముగా నుండెడిది. ఆనాటినుండి వారు మా గడప త్రొక్కలేదు. మేము రెండు పండుగలు వారు లేకయే చేసికొంటిమి.

మఱుసటి యేడు తొలకరికి మా నాలుగు మళ్లును పచ్చగా చిగిర్చినవి. మేము మురిసి, ఇరువది గొఱ్ఱెలను తెల్లవాఱుజాముననే ఆ లేతగడ్డిలో విడిచితిమి. సాయంకాలము వఱకు కడుపార మేసినవి. రాత్రి మూడు గొఱ్ఱెలు చిటికెవేసినంతలో ఎగిరిపడి చచ్చినవి. టీకా వేయింపలేదు, వేయింపవలసిన మాసము గడచిపోయినది. మా యింటామె భయపడి ఎవరిచేతనో అన్నగారికి కబురుపంపినది, మాకు తెలియదు. వారు చీకటిలో, మా కంచె కారణముగా చుట్టు తిరిగి, ఆ రోడ్డువెంటనే నడచి వచ్చిరి. దీపము పట్టి ఒక్కొక్క గొఱ్ఱె పొట్టను తడవి చూచిరి. "తొలకరి గడ్డికి ఆకలిమీద ఇడుస్తరా, తమ్మీ? ఎండుమేత ఏసి, గడెసేపు మేపి మళ్లియ్యాలె" అనిరి. పచ్చికలోనికి విడువక తెల్లవాఱుదనుక మందను దొడ్డిలో ఆపి, ఎండుగడ్డి వేయించి, ఉదయమున పశువైద్యుని పిలిపించి టీకా వేయించిరి. తక్కిన పదునేడును బ్రదికినవి. వెళ్లునప్పుడు మేము వారి చేయి పట్టుకొని నిలిచితిమి. నోట మాట రాలేదు. అన్ని సంవత్సరములు మాటలు నేర్పినవారమే.

మిత్రులారా, ఈ తగవు పరదేశమునను పుట్టినది. అమెరికాలో ఇలినాయిరాష్ట్రమునందలి డెకాల్బ్ గ్రామవాసియగు జోసఫ్ గ్లిడ్డెను అను రైతు 1874వ సంవత్సరము నవంబరు 24వ తేదీన ముళ్లతీగకు పేటెంటు పొందెను. కొలది సంవత్సరములలోనే ఆ తీగ టెక్సాసు మైదానములను చుట్టివేసెను. కొందఱు తమ నేలనే కాక బాటలను, నీటిపట్టులను, పరుల నేలను గూడ కంచెలో కలుపుకొనిరి. 1883వ సంవత్సరమున కఱవు వచ్చి నీరు మేత కఱవైనప్పుడు మందలవారు రాత్రులందు తీగలు తెగగొట్టిరి, ప్రాణనష్టమును జరిగెను. 1884వ సంవత్సరమున ఆ రాష్ట్రశాసనసభ చట్టము చేసెను. కంచె తెగగొట్టుట ఘోరాపరాధమని యందు చెప్పిరి. పరుల నేలను, ప్రభుత్వపు నేలను కంచెలో కలుపుకొనుటయు నేరమనిరి. ప్రజల బాటకు అడ్డముగా కంచె కట్టినవాడు మూడు మైళ్లకొక ద్వారము పెట్టి దానిని బాగుగా నుంచవలెనని విధించిరి. ఒక మహాదేశము తగవుపడి నేర్చుకొన్నది ఒక్క మాట: కంచెకు ద్వారముండవలెను. మేము ఏడు గొఱ్ఱెల వెలకు అదే నేర్చితిమి. ఆ వెల చెల్లించినది మేము కాదు, అన్నగారు.

మేము పడమటి కంచెను పెరికించి పండ్రెండడుగులు లోనికి జరిపించితిమి. నలువదిరెండు కడీలు పీకి మఱల పాతవలసి వచ్చెను. విడిచిన నేల సుమారు 5,000 చదరపు అడుగులు, అనగా నాలుగున్నర గుంటలు. కంచెకు సొమ్మిచ్చిన మా కుమారుడు నగరమునుండి ఫోనుచేసి, "నాయనా, పట్టా మనదే కదా" అనెను. "పట్టా మనదే, తోవ ఊరిది" అని చెప్పితిమి. వాడు కొంతసేపు ఊరకుండి, కూలీ సొమ్ము పంపెను. ఆ డొంకవైపు పండ్రెండడుగుల ద్వారమొకటి పెట్టించితిమి. అన్నగారు మొదటిదినము మందను ఆ తోవనే తోలుకొనిపోవుచు మా ద్వారమువద్ద ఆగి, నీళ్లడిగి త్రాగిరి. చచ్చిన ఏడింటికి మేమిచ్చిన మూడు పిల్లలను మాత్రము పుచ్చుకొని, తక్కిన వానిని వలదనిరి.

ఇప్పుడు ప్రతివేసవిలో మూడు రాత్రులు వారి మంద మా మేతమడిలో పడుకొనును. మేము ఎరువు కొనుట మానితిమి. రెండు సంవత్సరములకొకమాఱు మా పొట్టేలును వారికిచ్చి వారి పొట్టేలును తెచ్చుకొనుచున్నాము. ఇందాక జ్ఞాపకముంచుకొనుమన్న మాట ఇదియే. కంచెలోని మందకు క్రొత్త రక్తము బయట నడచు మందనుండియే రావలెను. బయట నడచు మందకు ఎండకాలపు పిడికెడు మేత కంచెలోనుండి దొరకును. చూడిగొఱ్ఱెలను, కుంటివానిని అన్నగారు మావద్దనే విడిచిపోవుదురు. నిలిచిన మందయు నడచు మందయు ఒకదానిచేత నొకటి బ్రదుకును. ఒకటి చచ్చిన రెండవది చిరకాలము నిలువదు.

ఈ సభలో చదువుకొని యుద్యోగములు చేయుచు, ఊరిలో నేల కొని కంచె వేయుచున్నవారు చాలమంది యున్నారు. వారిని చూచి మేము గర్వపడుచున్నాము. కాని సోదరులారా, ఒకప్పుడు ఇతరులు మన మందలకు తోవ మూసిరని మనము మొఱపెట్టుకొంటిమి. ఇప్పుడు ఆ తోవను మనవారి తీగయే మూయుచున్నది. ఆ తీగకావల కఱ్ఱపట్టి నిలిచినవాడు మన పెదతండ్రి కుమారుడు.

కావున మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: కంచెకు గుంట త్రవ్వక ముందు ఊరిలోని కాపరినొకనిని వెంటబెట్టుకొని హద్దు వెంట నడువుడు. తోవ యెక్కడ, నీరెక్కడ అని యడుగుడు. నక్షాలో లేనిది వాని పాదములకు తెలియును. రెండవది: ప్రతిగ్రామమునను సంఘశాఖవారు డొంకలను, నీటిపట్టులను, మిగిలిన మేతబీళ్లను పుస్తకములో వ్రాసి, పంచాయతికి అర్జీ పెట్టి, ఆ తోవలను కాగితమునకెక్కించుడు. కాపరి వృద్ధులు జీవించియుండగనే ఈ పని జరుగవలెను. మూడవది పోషకమహాశయులకు: తీగ బిగించు పనిముట్లను, గుంటలు త్రవ్వు యంత్రమును మండలమునకొకటి కొని సంఘమువద్ద నుంచిన బీదకుటుంబములు వంతులవారిగా వాడుకొందురు. తొలకరికి ముందు చిటుకటీకా శిబిరమునొకటి ప్రతి సంవత్సరము నడిపింపుడు. విగ్రహములకును, తోరణములకును వెచ్చించుదానిలో కొంత దీనికి చాలును. ఈ మాట కటువైనచో వృద్ధుడని క్షమింపుడు.

మా చెలక ద్వారమునకు మేము తాళము వేయము. గొలుసు మాత్రము తగిలింతుము. తోవన పోవు కాపరి ఎవరైనను దానిని తీసికొని తొట్టిలో జీవములకు నీరు పట్టవచ్చును. మఱల గొలుసు తగిలించి పోవలెను. అదియొక్కటే మా నియమము. ఇంతవఱకు ఎవరును మఱచిపోలేదు.

బీరప్పదేవుడు మన మందలను చల్లగా చూచుగాక.